ఓట్ల లెక్క వేరు, సీట్ల లెక్క వేరు
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షిక సమావేశంలో జమాఖర్చులు చదవటం, చదువుకునే పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇవ్వటం, ఆడపిల్లల పెళ్లిళ్లకు చేసిన సహాయం వివరించటం మన ఆనవాయితీ. ఈసారి కార్యవర్గంవారు మమ్మల్ని ఎన్నికల ఫలితాలమీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎందుకు చెప్పమన్నారో మీలో చాలామందికి తెలుసు. 2024 జూన్ 4వ తేదీన ఓట్లు లెక్కపెట్టిన తర్వాత మన సభ్యుల మధ్య ఎడం వచ్చింది. గెలిచినవారికి సంఘం తరఫున సన్మానం చేసి తీరాలని కొందరు పట్టుబట్టారు. చేస్తే చందా కట్టబోమని మరికొందరు మొహంమీదే చెప్పారు. ఎదురెదురు ఇళ్లలో ఉండి, ఒకరి ఇంట్లో వండింది మరొకరి ఇంటికి పంపుకునేవాళ్లు పలకరింపులు తగ్గించుకున్నారు. ఎన్నికలు ఐదేళ్లకోసారి వస్తాయి. ఇరుగుపొరుగు రోజూ ఉంటుంది. అందుకే ఈ విషయం సభాముఖంగా మాట్లాడుకోవటం మంచిదని మేమూ ఒప్పుకున్నాం.

ముందుగా ఒక మాట. మేము ఏ పార్టీ తరఫునా మాట్లాడటానికి రాలేదు. మన సంఘంలో అన్ని పార్టీలకూ ఓటువేసినవాళ్లు ఉన్నారు, ఉండాలి కూడా. ఫలితాల అంకెలు మీ ముందు పెట్టి, అవి నిజంగా ఏం చెబుతున్నాయో కలిసి చదువుదాం అన్నదే మా ఉద్దేశం.

మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 స్థానాలున్నాయి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ 151, తెలుగుదేశం 23, జనసేన 1 గెలుచుకున్నాయి. 2024లో తెలుగుదేశం 135, జనసేన 21, భారతీయ జనతా పార్టీ 8 గెలిచాయి. ఈ మూడూ కూటమిగా పోటీచేశాయి కనుక కూటమి బలం 164. వైఎస్సార్ కాంగ్రెస్ 11 స్థానాలకు దిగింది. 151 ఎక్కడ, 11 ఎక్కడ! టీవీల్లో ఆ రోజంతా 'తుడిచిపెట్టుకుపోయింది' అనే మాటే వినిపించింది. విన్నవాళ్లు రాష్ట్రంలో ఆ పార్టీకి ఓటువేసినవాడే లేడనుకుని ఉంటారు.

ఇప్పుడు ఓట్ల లెక్క చూడండి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు నూటికి దాదాపు 50 ఓట్లు వచ్చాయి. 2024లో నూటికి 39 పైచిలుకు వచ్చాయి. అంటే పదిమందిలో నలుగురు అప్పుడు కూడా ఆ పార్టీకే వేశారు. వంద ఓట్లలో పదకొండు తగ్గితే నూట నలభై సీట్లు పోయాయన్నమాట. ఇంకో విచిత్రం ఉంది. 2019లో ఓడిపోయిన తెలుగుదేశానికి నూటికి 39.17 ఓట్లు వస్తే 23 సీట్లు దక్కాయి. 2024లో ఓడిపోయిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు అంతకంటె ఇసుమంత ఎక్కువగా, 39.37 వస్తే, 11 సీట్లే దక్కాయి. దాదాపు అవే ఓట్లు, సీట్లేమో సగానికి తక్కువ!

ఇది ఎట్లా జరిగింది? మన దేశంలో ఒక నియోజకవర్గంలో అందరికంటె ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలుస్తాడు. సగం ఓట్లు దాటాలన్న నియమం లేదు. ముగ్గురు పోటీచేసి ఒకరికి 40, ఒకరికి 35, ఒకరికి 25 ఓట్లు వచ్చాయనుకోండి. నలభైవాడు గెలుస్తాడు, తక్కిన అరవై ఓట్లకూ సీటు రూపంలో ఏమీ మిగలదు. ఆ ముప్ఫై అయిదూ ఇరవై అయిదూ వచ్చే ఎన్నికనాటికి ఒక చెట్టుకిందికి చేరితే నలభైవాడికి ఒక్క ఓటు కూడా తగ్గకుండానే ఓటమి తప్పదు.

2019లో జరిగింది మొదటిది. తెలుగుదేశం విడిగా, జనసేన విడిగా, బీజేపీ విడిగా పోటీచేశాయి. జనసేనకు నూటికి అయిదున్నర ఓట్లు వచ్చినా రాజోలు ఒక్కటే దక్కింది. 2024లో జరిగింది రెండోది. మూడు పార్టీలూ సీట్లు పంచుకున్నాయి. తెలుగుదేశం 144 చోట్ల, జనసేన 21 చోట్ల, బీజేపీ 10 చోట్ల నిలబడ్డాయి. మూడింటికీ కలిపి నూటికి 55 ఓట్లు వచ్చాయి. జనసేన నిలబడ్డ 21 చోట్లా గెలిచింది. పాలనమీద జనం తీర్పు ఇందులో లేదని మేము అనటంలేదు. యాభైనుంచి ముప్ఫైతొమ్మిదికి దిగటం తీర్పే. కాని ఆ తీర్పును ఇంత పెద్ద సంఖ్యగా చేసి చూపింది పొత్తు.

కాబట్టి సీట్లు చూసి గెలిచినవాడు విర్రవీగనక్కర్లేదు, ఓడినవాడు కుంగిపోనక్కర్లేదు. మన పెద్దలు ఇలాంటి తిరుగుళ్లు చాలా చూశారు. 1982 మార్చిలో పుట్టిన తెలుగుదేశం 1983 జనవరిలో, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 294 స్థానాల్లో రెండు వందలకు పైగా గెలిచింది. 1989లో కాంగ్రెస్‌కు 181 వచ్చాయి, తెలుగుదేశం 74కు తగ్గింది. ఆ ఏడు ఎన్.టి. రామారావుగారంతటివారు హిందూపురంలో గెలిచి కల్వకుర్తిలో ఓడిపోయారు. 1994లో తెలుగుదేశం 216, కాంగ్రెస్ 26! ఇక కాంగ్రెస్ పని అయిపోయిందన్నారు. పదేళ్లు తిరిగేసరికి 2004లో అదే కాంగ్రెస్ 185 గెలిచింది, తెలుగుదేశం 47. రాష్ట్రం విడిపోయాక 2014లో ఈ 175 స్థానాల్లో తెలుగుదేశం 102, వైఎస్సార్ కాంగ్రెస్ 67. ఆ తరువాత 151, ఆ తరువాత 11. బండి చక్రం కిందిది పైకి, పైది కిందికి తిరుగుతూనే ఉంది. మనం మాత్రం ఒక తిరుగుడుకే చుట్టరికాలు తెంచుకుంటున్నాం.

ఇక రెండో సంగతి. 2024 మే 13న మనందరం రెండు ఓట్లు వేశాం. పార్లమెంటుకు ఒకటి, అసెంబ్లీకి ఒకటి. ఒక యంత్రంమీద తెల్ల కాగితం, రెండోదానిమీద గులాబి కాగితం. 'జనం గుర్తు చూసి గుడ్డిగా నొక్కుతారు' అని చదువుకున్నవాళ్లు తేలిగ్గా అనేస్తుంటారు. తిరుపతి పార్లమెంటు ఫలితం చూశాక ఆ మాట అనటానికి నోరు రాకూడదు.

ఒక్కో ఎంపీ స్థానం కింద ఏడు అసెంబ్లీ స్థానాలుంటాయి. 25 ఏళ్లు 175. తిరుపతి కింద ఉన్న ఏడు అసెంబ్లీ స్థానాలనూ కూటమి గెలుచుకుంది. మరి ఎంపీ? వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి! అక్కడ కూటమి తరఫున పార్లమెంటుకు నిలబడింది బీజేపీ. ఎమ్మెల్యేకు కూటమికి వేసిన ఓటర్లలో కొందరు ఎంపీ దగ్గరికి వచ్చేసరికి వేరే మీట నొక్కారు. గుడ్డిగా నొక్కేవాళ్లయితే ఆ ఫలితం ఎట్లా వస్తుంది? కడపలోనూ, అరకులోనూ వైఎస్సార్ కాంగ్రెస్‌కు ఏడింట రెండేసి అసెంబ్లీ స్థానాలే దక్కాయి, ఎంపీ స్థానాలు మాత్రం ఆ పార్టీకే వచ్చాయి. రాజంపేటతో కలిపి మొత్తం 25లో నాలుగు ఆ పార్టీ గెలిచింది. మిగిలిన 21లో తెలుగుదేశం 16, బీజేపీ 3, జనసేన 2.

ఎమ్మెల్యే అంటే రోడ్డు, నీళ్లు, పింఛను, మన కాలనీ పట్టాలు. ఎంపీ అంటే ఢిల్లీలో చేసే చట్టాలు, ఎవరి ప్రభుత్వం నిలబడాలన్న విషయం. 2024లో లోక్‌సభలో బీజేపీకి 240 వచ్చాయి. కావలసిన 272 లేవు. అందుకే తెలుగుదేశంవారి 16 మందికి ఢిల్లీలో అంత విలువ వచ్చింది. మన ఊళ్లో వేసిన తెల్ల కాగితం ఓటు అంతదూరం పోయిందన్నమాట. రెండు ఓట్లూ రెండు వేర్వేరు పనులకోసం ఇచ్చినవి. ఇంట్లో కూర్చుని రెండింటికీ రెండుసార్లు ఆలోచించటం నేర్చుకోవాలి.

మూడో సంగతి కొంచెం నొప్పి పుట్టించేది. ప్రతి ఎన్నికలోనూ పేపర్లలో 'ముస్లిం ఓటు ఎటు?' అని రాస్తారు. మనమేదో ఒక మూట అయినట్టు, ఎవరో ఒకరు భుజాన వేసుకుని పోతున్నట్టు! 2011 జనగణన ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో మనం నూటికి ఏడుగురం. షెడ్యూల్డు కులాలకు 29, తెగలకు 7 అసెంబ్లీ స్థానాలు రిజర్వు అయి ఉన్నాయి. మతాన్నిబట్టి రిజర్వు స్థానాలుగాని, వేరే ఓటర్ల జాబితాలుగాని మన రాజ్యాంగంలో లేవు. ఒక్కో నియోజకవర్గానికి అందరికీ కలిపి ఒకే జాబితా ఉండాలనీ, మతం పేరుతో ఎవరినీ అందులోంచి తప్పించరాదనీ 325వ అధికరణం చెబుతోంది. అంటే మనవాడు గెలవాలన్నా అందరి ఓట్లతోనే గెలవాలి. వేరేవాడు గెలవాలన్నా మన గడప తొక్కాలి.

2024 ఫలితాలు చూడండి. గుంటూరు తూర్పులోనూ, మదనపల్లెలోనూ ప్రధానంగా తలపడ్డ ఇద్దరూ ముస్లిములే. గుంటూరు తూర్పులో మహమ్మద్ నసీర్ అహ్మద్ గారు, మదనపల్లెలో షాజహాన్ బాషా గారు, నంద్యాలలో ఎన్.ఎం.డి. ఫరూఖ్ గారు తెలుగుదేశం తరఫున గెలిచారు. ఫరూఖ్ గారు మంత్రి అయ్యారు. కడపలో ఉప ముఖ్యమంత్రిగా ఉన్న అంజద్ బాషా గారు మాధవీరెడ్డి గారి చేతిలో ఓడిపోయారు. కర్నూలులో ఇంతియాజ్ గారు, కదిరిలో మక్బూల్ గారు వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున నిలబడి ఓడారు. 2019లో ఆ పార్టీనుంచి నలుగురు ముస్లిములు గెలిచి ఉన్నారు. 2024లో మొత్తం సభలో ముగ్గురు. ఇద్దరు ముస్లిములు ఎదురెదురుగా నిలబడ్డచోట 'ముస్లిం ఓటు' ఎవరిది? ఇద్దరికీ పడింది. మూట అనే మాటకు అక్కడ అర్థమే లేదు.

ఇందులో బాధపడవలసిందేమీ లేదని మా అభిప్రాయం. అన్న ఒక పార్టీకి, తమ్ముడు ఇంకో పార్టీకి వేస్తే ఇల్లు చీలినట్టు కాదు. ఇద్దరూ తమ తమ లెక్క చూసుకున్నారని అర్థం. ఒకరికి పింఛను ముఖ్యమై ఉండవచ్చు, ఒకరికి ఉద్యోగం, ఒకరికి బీజేపీ పొత్తు గుచ్చుకుని ఉండవచ్చు, ఒకరికి తాము పొందిన సాయమో పొందని సాయమో గుర్తుండి ఉండవచ్చు. అడిగి తెలుసుకోవచ్చు. నిలదీయటానికి మాత్రం మనకు హక్కు లేదు. ఓటు రహస్యంగా వేయమన్నది అందుకే గదా!

అయితే మనం చెయ్యగలిగింది ఏమీ లేదా? ఉంది. అదే మా నాలుగో సంగతి, అసలు సంగతి.

2024లో మడకశిరలో గెలిచిన అభ్యర్థికి వచ్చిన ఆధిక్యం 351 ఓట్లు. 2019లో విజయవాడ సెంట్రల్‌లో 25 ఓట్లు. 1989లో అనకాపల్లి పార్లమెంటు స్థానంలో కొణతాల రామకృష్ణ గారు గెలిచింది 9 ఓట్లతో. లక్షలమంది వేసిన ఎన్నికలో తొమ్మిది! ఒక ఇంట్లో అమ్మీ, అబ్బా, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు, నానీమా, పద్దెనిమిది నిండిన ఇద్దరు మనవలు. తొమ్మిది ఓట్లంటే అంతే. అదే గాజువాకలో 2024 ఆధిక్యం 95 వేలు దాటింది. ఎక్కడ తొమ్మిదితో తేలుతుందో, ఎక్కడ తొంభై వేలతో తేలుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకే ప్రతి పేరూ జాబితాలో ఉండాలి.

మన పేర్ల కష్టం మీకు చెప్పనక్కర్లేదు. ఒకే పోలింగు కేంద్రంలో షేక్ మస్తాన్‌వలీలు అరడజనుమంది ఉంటారు. ఒకచోట 'మస్తాన్ వలి', ఒకచోట 'మస్తాన్ వల్లి', ఆధార్‌లో ఇంకోటి. పెళ్లికి ముందు 'బీ' అని ఉన్నామె పెళ్లయ్యాక 'బేగం' అవుతుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్నది రాసేవాడి చేతివాటం. ఒకే పేరు రెండుసార్లు పడిందని ఎవరైనా అభ్యంతరం పెడితే, నిజంగా ఉన్న మనిషి పేరు కూడా గల్లంతయ్యే ప్రమాదం ఉంది. పోలింగునాడు చేతిలో ఓటరు కార్డు పట్టుకుని వెళ్లినా, జాబితాలో పేరు లేకపోతే ఓటు లేదు. పేరు ఉంటే, కార్డు లేకపోయినా ఆధార్, పాస్‌పోర్టులాంటి గుర్తింపుతో వెయ్యనిస్తారు. కార్డు కంటే జాబితా ముఖ్యమని ఇంటింటా చెప్పాలి.

కొత్తగా పేరు చేర్చటానికి ఆరో నంబరు ఫారం. తప్పులు దిద్దటానికీ, ఇల్లు మారినప్పుడు ఓటు మార్చుకోవటానికీ ఎనిమిదో నంబరు. పేరు చేర్చవద్దనీ, తొలగించమనీ పెట్టేది ఏడో నంబరు. దానిమీద కళ్లు తెరుచుకుని ఉండాలి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు ఒకటో తేదీలు నాలుగూ ఇప్పుడు అర్హత తేదీలే. పదిహేడు నిండిన పిల్లలు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అక్కచెల్లెళ్లకు ప్రత్యేకంగా ఒక మనవి. 2024 జాబితాలో మన రాష్ట్రంలో మగవారికంటె ఆడవారే ఎక్కువ. కాని పెళ్లయి అత్తవారింటికి వచ్చిన అమ్మాయి ఓటు పుట్టింటి ఊళ్లోనే ఏళ్లతరబడి ఉండిపోతుంది. ఇక్కడ పేరుండదు, అక్కడికి వెళ్లి వెయ్యదు. కోడలు వచ్చిన నెలలోనే రేషన్ కార్డు గురించి ఆలోచిస్తాం, ఓటు గురించి ఆలోచించం. ఆ అలవాటు మార్చుకుందాం.

కువైట్, సౌదీ, దుబాయి వెళ్లిన మన పిల్లల సంగతి. అక్కడే ఉంటున్నా, భారత పౌరసత్వం వదులుకోనివాళ్లు ఆరు-ఎ ఫారం పెట్టి పాస్‌పోర్టులో ఉన్న చిరునామాలో ఓటు నమోదు చేసుకోవచ్చు. కాని ఓటు వెయ్యాలంటే స్వయంగా ఇక్కడికి రావాలి. టపాలో పంపే వీలు వాళ్లకు లేదు. సెలవు ఎప్పుడు పెట్టుకోవాలో ముందే చూసుకోవాలి. ఎవరో వాళ్ల తరఫున వేస్తామంటే ఒప్పుకోవద్దు. అది నేరం.

చివరగా సన్మానం సంగతి. కార్యవర్గం ముందు మా సలహా ఇది. ఎమ్మెల్యేగారిని పిలుద్దాం. గెలిచిన పార్టీ మనిషిగా వద్దు, ఈ నియోజకవర్గ ప్రతినిధిగా పిలుద్దాం. పూలదండ ఒక్కటి చాలు. దానితోపాటు మన వీధి మురుగుకాలువ గురించీ, ఆడపిల్లల హాస్టలు గురించీ, కబరస్తాన్ ప్రహరీగోడ గురించీ రాతపూర్వకంగా విజ్ఞప్తి చేతికి ఇద్దాం. నకలు మన దగ్గర ఉంచుకుని ఆరునెలలకోసారి ఏమైందో అడుగుదాం. ఓడినవారినీ అదే సభకు పిలుద్దాం. వారికి వేసినవాళ్లు కూడా మన సభ్యులే, వారి చందాతో కూడా మన పిల్లలు చదువుకుంటున్నారు. రేపు వేరొకరు గెలిచినా ఇదే పద్ధతి. ఒకసారి నియమం పెట్టుకుంటే ప్రతి ఐదేళ్లకూ తగువు పడనక్కర్లేదు.

ఇంకొక తీర్మానం కూడా కోరుతున్నాం. స్కాలర్‌షిప్పు దరఖాస్తులు తీసుకునే రోజుల్లోనే మన కార్యాలయంలో ఒక బల్ల వేసి, ఓటర్ల జాబితా పెట్టుకుని, వచ్చిన ప్రతి కుటుంబం పేర్లూ సరిచూడాలి. ఎటు వేస్తారని మాత్రం ఎవరినీ అడగరాదు. వీధికి ఇద్దరు పిల్లలు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఈ పనికి ముందుకు రావాలి. ఇద్దరూ చెరొక పార్టీని అభిమానించేవాళ్లయితే మరీ మంచిది. ఒకరి పని ఒకరు చూసుకుంటారు.

ఈ రెండు తీర్మానాలనూ ఈ సభలోనే చర్చించి ఆమోదించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాం.